కోడుతో కూడు – 4వ పాఠం: ‘ఎంతవుతాది?’ అని అడిగినప్పుడు

చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసి బతకాలనుకునే మీకు పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. మీ ఊళ్లో ఏదో ఒక వ్యాపారం దగ్గర ఒక పూట కూర్చుని, వాళ్లు పుస్తకంలో ఏమేం రాసుకుంటున్నారో చూసి రమ్మన్నాను. ఆ పని చేయనివాళ్లు ఇక్కడే ఆగి, ముందు అది చేసి రండి. ఇవాళ మన పనికి ధర ఎంత చెప్పాలో చూద్దాం. దానికి లెక్కలు ఆ పుస్తకంలోంచే తీయాలి.

నేను కూర్చున్నది తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో. 24 గదులు, అద్దె 900. ఇది 2021 నాటి మాట. ఓనర్ పెద్దాయన. లాడ్జి గదులు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ నమూనా నేను ఫోన్‌లో చూపిస్తే చూసి కాఫీ తెప్పించాడు. ‘‘బాగుండాది నాయనా, ఎంతవుతాది?’’ అన్నాడు. నేను ఒకసారి ఫ్యాన్ వైపు చూసి ‘‘పదిహేను వేలు సార్’’ అన్నాను. ఆయన బేరం కూడా ఆడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ పనికి నాకు పట్టింది సుమారు 150 గంటలు. అంటే గంటకు 100 రూపాయలు. పైగా అందులో సగం గంటలు కోడు రాసినవి కావు. రిసెప్షన్‌లో కుర్రాడికి నేర్పడం, వాడు మానేస్తే కొత్తవాడికి మళ్లీ మొదట్నుంచి నేర్పడం, ప్రింటర్ కదలకపోతే పరిగెత్తడం. ఇదంతా ధరలో ఉండాలని నాకు తట్టలేదు.

అందుకని ధర నోట్లోంచి రాకముందు రెండు లెక్కలు వేసుకోవాలి. ఒకటి మనది, రెండోది వాళ్లది.

మన లెక్క తేలిక. ఇంటికి నెలకు 45,000 కావాలనుకుందాం. 72,000 పెట్టి కొన్న లాప్‌టాప్ మూడేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 2,000. ఇంటర్నెట్, కరెంటు, ఇన్వర్టర్, ఆరోగ్య బీమా కలిపి 3,000. మొత్తం 50,000. నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 176 గంటలు. అందులో సగం తిరగడానికి, ఫోన్లకు, బాకీ వసూళ్లకు పోతుంది. డబ్బు తెచ్చేవి 88 గంటలే. 50,000ను 88తో భాగిస్తే 568 వస్తుంది, 600 అనుకోండి. ఇంతకంటే తక్కువకు పని ఒప్పుకుంటే ఆ తేడా మీ ఇంట్లోంచి పోతున్నట్టే. ఈ అంకె మీకోసమే. కస్టమర్‌కు ఎప్పుడూ చెప్పకండి. గంటల లెక్క చెబితే, మీరు త్వరగా పని ముగించినందుకు మీకే డబ్బు తగ్గుతుంది.

వాళ్ల లెక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, అసలు ధర అక్కడే దొరుకుతుంది.

తిరుపతి లాడ్జిల్లో చాలాచోట్ల 24 గంటల చెకౌట్ ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకు రైలు దిగిన కుటుంబానికి మర్నాడు మూడున్నర దాకా గది. మధ్యాహ్నం రెండుకు వచ్చినవాళ్లకు మర్నాడు రెండు దాకా. అంటే 24 గదులకు 24 గడియారాలు. కొండ మీద దర్శనం ఆలస్యమైతే జనం గంటలు దాటాక వస్తారు. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడికి ఏ గది టైం ఎప్పుడు దాటిందో తెలియదు. ఒక్కోసారి తెలిసినా, పుస్తకంలో వేళ సరిగ్గా రాసి ఉండదు కాబట్టి గట్టిగా అడగలేడు. ‘‘దర్శనానికి లేటైంది సామీ’’ అంటే వదిలేస్తాడు.

అందుకే నేను రెండో లాడ్జికి వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ ఊసే ఎత్తలేదు. ‘‘రోజుకు ఎన్ని గదుల దగ్గర టైం దాటినా డబ్బు అడగలేకపోతున్నారు సార్?’’ అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘‘ఒక గదైనా పోతాది’’ అన్నాడు. ఆ లాడ్జిలోనూ అద్దె 900. రోజుకు ఒకటి లెక్కన నెలకు 27,000. టైం దగ్గర పడగానే తెర మీద ఎర్రగా చూపించి, బిల్లులో వేళ అచ్చువేస్తే అందులో సగం వసూలైనా 13,500. అప్పుడు 60,000 చెప్పాను. ఐదు నెలలు తిరక్కుండానే ఆయన డబ్బు ఆయనకు వచ్చేస్తుంది. ఈ లెక్కంతా ఆయన ముందే, ఆయన లెటర్‌హెడ్ వెనక పెన్నుతో వేశాను. అంకె ఆయన చెప్పిందే కాబట్టి వాదన రాలేదు. బేరం మాత్రం వచ్చింది. నేను ధర తగ్గించలేదు, పని తగ్గించాను. ఆన్‌లైన్ బుకింగ్ తీసేసి 52,000కు ఒప్పుకున్నాను.

నష్టం లెక్క తేలని చోట కూడా పని ఒప్పుకోవచ్చు. కాకపోతే అక్కడ మన గంటల లెక్కే దిక్కు, లాభం పెద్దగా ఉండదు.

ధర కుదిరాక ఒక్క కాగితం రాయండి. ఏం చేస్తారు, ఏం చేయరు, ఎప్పటికి ఇస్తారు, డబ్బు ఎప్పుడెప్పుడు రావాలి. ‘ఏం చేయరు’ అన్నదాన్ని చాలామంది మర్చిపోతారు, తర్వాత గొడవలన్నీ దానిమీదే. నేను రాసేవి: ప్రింటర్ రిపేరు నా పని కాదు, పాత పుస్తకాల్లోని వివరాలు ఎక్కించడం నా పని కాదు, రాసుకోనిది ఏదైనా కొత్త పనే. డబ్బు 40, 30, 30 శాతంగా తీసుకుంటాను. మొదటి 40 అందాకే కోడు మొదలు. అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడేవాళ్లు ఒక్కసారి పెళ్లి మేళంవాళ్లను గుర్తుచేసుకోండి. బయానా చేతిలో పడకుండా వాళ్లు ముహూర్తం రోజు ఇంకెవరికీ మాటివ్వకుండా కూర్చోరు కదా.

ఇప్పుడు ఏటేటా వచ్చే డబ్బు సంగతి. మొదటి లాడ్జికి కోడు రాసినప్పుడు బిల్లులో పన్ను గడే పెట్టలేదు. అప్పట్లో వెయ్యి రూపాయల దాకా అద్దె ఉన్న గదులకు జీఎస్‌టీ లేదు. 2022 జూలై 18 నుంచి వాటికీ 12 శాతం వచ్చింది. ఆ సోమవారం పొద్దున పెద్దాయన ఫోన్. పరిగెత్తి వెళ్లి, 12 అనే అంకెను కోడులో మూడు చోట్ల రాసి వచ్చాను. డబ్బు అడగలేదు, అడిగే కాగితమూ లేదు. 2025 సెప్టెంబర్ 22న మళ్లీ మారింది, 7,500 దాకా ఉన్న గదులకు 5 శాతం. రెండు రోజుల్లో బ్రహ్మోత్సవాలు, లాడ్జీలన్నీ కిటకిట. నేను మూడు చోట్లలో రెండే మార్చాను. ఒక పూటంతా బిల్లు పైన 5, కింద మొత్తంలో 12. ఆ తిట్లు నావే, ఎవర్నీ అనడానికి లేదు.

రెండో లాడ్జిలో పన్ను రేటును కోడులో రాయలేదు. ఒక పట్టికలో ‘ఏ తేదీ నుంచి ఎంత’ అని పెట్టాను. పాత బిల్లు తీస్తే పాత రేటే చూపించాలి, అందుకే తేదీ. మార్పుకు ఇంట్లోంచే పది నిమిషాలు పట్టింది. ఆ లాడ్జితో ఏడాది నిర్వహణ ఒప్పందం ఉంది. ధరలో 18 శాతం, అంటే 52,000కు 9,360. బ్యాకప్, సర్వర్ రెన్యువల్, పన్ను మార్పులు, నెలకు రెండు గంటల ఫోన్ సాయం అందులో ఉంటాయి. ఇలాంటివి పది చేతిలో ఉంటే కొత్త పని దొరకని నెలలో కూడా టెన్షన్ ఉండదు. నా మటుకు నేను కొత్త పని కంటే దీన్నే ఎక్కువ పట్టించుకుంటాను.

ఇంకోమాట. ‘‘డబ్బు ఇచ్చాం కదా, కోడు మాదే’’ అంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే మామూలుగా హక్కు యజమానిది. విడిగా ఒప్పుకుని రాస్తే, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు రాసినవాళ్లది. కాబట్టి కాగితంలో ‘వాడుకునే హక్కు మీది, కోడు నాది, మీ డేటా మొత్తం మీది’ అని రాయండి. ఆ డేటా అడిగిన రోజే ఇచ్చేయండి, అందులో బెట్టు చేయకండి. కోడు మీ దగ్గర ఉంటేనే మూడో లాడ్జి పని 150 గంటల బదులు 40 గంటల్లో తేలుతుంది. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఈ పని చేసేవాళ్లు ముందు మీ నియామక పత్రం చదవండి. బయటి పని కుదరదని కొన్నిటిలో ఉంటుంది.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ గురించి అడుగుతున్నారు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా అక్కర్లేదు. మిగతాది ఆడిటర్‌ను అడగండి.

ఈ వారం పని: మీరు చూసి వచ్చిన పుస్తకంలోంచి ఒకే ఒక్క నష్టం ఎంచుకుని, నెలకు ఎన్ని రూపాయలో ఓనర్ నోటితోనే చెప్పించండి. మీ అంకె, వాళ్ల అంకె పక్కపక్కన రాయండి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర కూర్చున్నవాళ్లు ఒక్కటి చూసుకోండి. అక్కడ తోతాపురి తోలేది జూన్, జూలైల్లో. ‘సీజన్ అయ్యాక ఇస్తాం’ అంటారు. సీజన్ అయ్యాక ముందు రైతులే వరసలో నిలబడి ఉంటారు, మన వంతు ఎప్పటికో. అక్కడ 40, 30, 30 బదులు మేలోనే 80 శాతం చేతికి వచ్చేలా కాగితం రాసి చూడండి. 5వ పాఠంలో ఆ కాగితాలే దిద్దుదాం.