ఇంజిన్ నడుస్తుండగానే విమానాన్ని పొలంలో దింపాల్సి వస్తే

మబ్బు కమ్ముకొస్తోంది, ఇంధనం తగ్గిపోతోంది అనిపిస్తే ఇంజిన్ బాగున్నప్పుడే దిగే నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే పవర్ చేతిలో ఉంటేనే చోటు చూసి ఎంచుకునే వీలుంటుంది. "ఇంకాసేపు చూద్దాం" అనుకోవడమే చాలామంది కొంప ముంచుతుంది. రేడియోలో పాన్-పాన్ (ప్రాణాపాయం ఇంకా రాలేదు గానీ పరిస్థితి అత్యవసరం అని తెలిపే పిలుపు) చెప్పేయండి, మొహమాటం వద్దు.

ముందు సుమారు 500 అడుగుల ఎత్తులో తిరుగుతూ పొగను, చెట్ల ఊపును బట్టి గాలి ఎటు వీస్తోందో చూడండి. తర్వాత ఇంకాస్త కిందికి వచ్చి, దిగబోయే చోటుకి కుడిపక్కగా ఎగిరితే పైలట్ కూర్చునే ఎడమ సీట్లోంచి గుంతలు, రాళ్లు, కంచెలు బాగా కనిపిస్తాయి. కరెంటు తీగలు మాత్రం పైనుంచి దాదాపు కనపడవు, కాబట్టి స్తంభాల కోసం వెతకండి, రెండు స్తంభాలు కనపడితే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. దున్నిన పొలమైతే చాళ్ల వెంబడే దిగాలి, అడ్డంగా దిగితే ముందు చక్రం ఇరుక్కుని విమానం పల్టీ కొట్టొచ్చు.

ఇదంతా చూసే టెన్షన్‌లో స్పీడు మర్చిపోవద్దు. అంత కింద మలుపులో స్టాల్ అయితే, అంటే రెక్కలు విమానాన్ని ఎత్తిపట్టలేకపోతే, కోలుకోవడానికి ఎత్తే మిగలదు.

బెల్టులు బిగించి, మాన్యువల్ చెప్పినట్టు తలుపు గడి తీసిపెట్టి, ఎదురుగాలికి ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచు పలకలను పూర్తిగా కిందికి దించి), స్టాల్ కాకుండా వీలైనంత తక్కువ స్పీడులో దిగండి. నేలను తాకే వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆగగానే ఇంధనం, మాస్టర్ స్విచ్ (విమానంలో కరెంటుకు మెయిన్ స్విచ్) ఆపేసి బయటికి వచ్చేయండి. మళ్లీ అక్కణ్నుంచే ఎగిరిపోదామని తొందరపడకండి, దిగడానికి సరిపోయిన పొలం టేకాఫ్‌కి సరిపోకపోవచ్చు.