కైరో వీధి అక్షరాలతో పోస్టర్ ఎలా చేయాలి?

ఈజిప్టు తరహా పోస్టర్ అడిగితే చాలు, మన డిజైనర్ల చేయి తిన్నగా పిరమిడ్ మీదికి పోతుంది. పక్కన ఒక ఒంటె, వెనక సూర్యాస్తమయం, పైన తలా తోకా లేని అరబిక్ అక్షరాలు. కైరోలో నాలుగేళ్లపాటు మెనూ కార్డులు, పోస్టర్లు, దుకాణాల బోర్డులు చేసి వచ్చినవాడిని నేను. ఇలాంటివి చూస్తే చార్మినార్ పక్కన తాజ్‌మహల్ నిలబెట్టి ఇదే హైదరాబాద్ అన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పటి ఈజిప్టు డిజైనర్లు, చిత్రకారులు పట్టుకున్నది వీధిని. 2011లో మొదలైన కామిక్స్ పత్రిక పేరు తోక్ తోక్, అంటే ఆటోరిక్షా. ఆ ఆటోల్లో చాలా భాగం మన దేశం నుంచి వెళ్లినవే. దీనా మొహమ్మద్ కామిక్స్‌లో కోరికలను సీసాల్లో పెట్టి అమ్మే మనిషి ఉంటాడు. అతని కొట్టు కూడా సిగరెట్లు, చిప్సు అమ్మే మామూలు వీధి కియోస్కే. నేను చెప్పబోయేది కూడా ఆ వీధి పోస్టరే. ఫరోలు కావాలంటే వేరే చోట వెతుక్కోండి.

సామగ్రి

పెన్సిలు, ట్రేసింగ్ కాగితం, ఏటవాలుగా కోసిన మొన ఉన్న కలం, ఫోను కెమెరా, వెక్టర్ గీతలు, అంటే ఎంత పెద్దవి చేసినా చెదరని గీతలు, గీయగల ఏదో ఒక సాఫ్ట్‌వేర్. ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. టాబ్లెట్ ఉన్నా మొదటి పది పోస్టర్లు కాగితం మీదే చేయండి. ఎందుకని అడగవద్దు.

చూడవలసినవి

ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలన్నీ పోగుచేసుకోవద్దు. మూడు రకాలు చూస్తే సరిపోతుంది. మొదటిది పాత పత్రికలు, ముఖ్యంగా 1956లో మొదలైన సబాహ్ అల్-ఖైర్. కైరోలో ఉంటే అజ్‌బకియ్యా పాత పుస్తకాల దుకాణాల్లో ఒక పూట గడపండి. రెండోది ఈజిప్టు చిత్రకారులు హెల్మీ అల్-తూనీ (1934–2024), ముహియిద్దీన్ అల్-లబ్బాద్ (1940–2010) చేసిన పుస్తకాల అట్టలు, పిల్లల బొమ్మలు. తూనీ పండగ చక్కెర బొమ్మను, చేపను, పిట్టను తీసుకొచ్చి అట్ట మీద కూర్చోబెడితే అవి అక్కడే పుట్టినట్టుంటాయి. మూడోది బండ్లు. ఫూల్ అంటే రాత్రంతా ఉడికించిన బాకలా గింజలు, కైరోవాళ్ల పొద్దుటి టిఫిను. అది అమ్మే బండి మీద తరచూ ఒక ప్రాస కనిపిస్తుంది: ఫూల్ అయిపోతే నా పూచీ లేదు. అరబిక్‌లో ఫూల్‌కీ పూచీకీ ప్రాస కుదురుతుంది. మైక్రోబస్సుల వెనక రాతలైతే మన లారీల వెనక ఉండే ‘నన్ను చూసి ఏడవకురా’కు సొంత అన్నదమ్ములే.

మాట ఎంచుకోవడం

పోస్టర్‌కు ఒకే మాట తీసుకోండి. రెండు మాటలు తీసుకుంటే రెండూ పాడవుతాయి. ఇక్కడ నేను ‘కుషరి’ తీసుకుంటున్నాను. అన్నం, పప్పు, మెకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయలు. మన కిచిడీ పేరే అక్కడికి చేరి కుషరి అయిందని చాలామంది అంటారు.

ఒక హెచ్చరిక. చదవడం రాని అరబిక్ వాక్యాన్ని అందంగా ఉందని ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి డిజైన్‌లో పెట్టవద్దు. అది ఖురాన్ వాక్యం కావచ్చు. దాన్ని తిండి పొట్లం మీదా నేలపాలయ్యే కాగితం మీదా అచ్చువేస్తే జనానికి కోపం రావడం న్యాయమే.

అక్షరాలు కలపడం: అందరూ పడేది ఇక్కడే

మిగతా పనులన్నీ ఒక పూటలో అయిపోతాయి. దీనికి మాత్రం మూడు రోజులు కేటాయించండి.

ముందు జబ్బు ఏమిటో చూద్దాం. సెట్టింగులు సరిచేయని ఫొటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడటం మీరు చూసే ఉంటారు. అలా ‘స్త్రీ’ మూడు ముక్కలైన ఫ్లెక్సీలు మన ఊళ్లలో కొల్లలు. అరబిక్‌కు ఇంకా పెద్ద ప్రమాదం జరుగుతుంది. అక్షరాలు విడిపోవడంతో ఆగకుండా వరుస కూడా తిరగబడుతుంది. కుడి నుంచి ఎడమకు నడవాల్సిన మాట ఎడమ నుంచి కుడికి, ఒక్కో అక్షరంగా, చేతులు తెగి నిలబడుతుంది. అరబిక్ రానివారికి అది బాగానే కనిపిస్తుంది. వచ్చినవారికి ‘రిషకు’ అని చదివినట్టుంటుంది.

కైరోలో నా మొదటి నెలలోనే ఇది నాకు జరిగింది. నా కంప్యూటర్‌లో చక్కగా ఉన్న మెనూ అచ్చుయంత్రం దగ్గరి కంప్యూటర్‌లో తెరవగానే ముక్కలైంది. ఎవరూ గమనించలేదు. ఐదు వందల కాపీలు వచ్చేశాయి. అక్కడ బోర్డులు రాసే ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని ‘యా ఉస్తా’ అని పిలిచేవారు, పనిమంతుడన్న గౌరవంతో. ఆయన మెనూ తిప్పి చూసి, “యా బాష్‌ముహందిస్, ఈ అక్షరాలు పోట్లాడుకుని విడిపోయాయా?” అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాడినీ అక్కడ ఇంజనీరుగారూ అనే పిలుస్తారు. ఆ రోజు ఆ గౌరవం బాగా గుచ్చుకుంది.

విరుగుడు తేలికే. ఫొటోషాప్ ప్రిఫరెన్సుల్లో టైప్ అన్నచోట మధ్యప్రాచ్య భాషల ఏర్పాటు ఎంచుకోండి. తర్వాత వచ్చిన కొన్ని వర్షన్లలో దాని పేరు వరల్డ్-రెడీ లేఅవుట్. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. నేను ఇంక్‌స్కేప్‌కు మారిన కారణం అదే, డబ్బు కాదు.

దీంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. ఫాంట్ దింపుకుని, మాట టైపు చేసి, పెద్దది చేసి, పోస్టర్ అనేస్తారు. మంచి ఫాంట్లు లేవని కాదు. ఖాలిద్ హుస్నీ చేసిన అమీరీ, 1820లో మొదలైన బూలాఖ్ ముద్రణాలయపు అచ్చు అక్షరాలకు మళ్లీ ప్రాణం పోసింది. మొహమ్మద్ గాబర్ చేసిన కైరో ఫాంట్ వెబ్‌సైట్లకు హాయిగా ఉంటుంది. కానీ పుస్తకం కోసం పుట్టిన అక్షరాన్ని మూడడుగులు చేసి గోడకెక్కిస్తే, అది పెళ్లి ఊరేగింపులో గుమాస్తాలా బెరుకుగా నిలబడుతుంది. ఫాంట్‌ను చూడండి, నేర్చుకోండి, తర్వాత మూసేయండి. పోస్టర్ మీద మాటను చేత్తోనే రాయాలి.

ఏ రాత? కైరో వీధికి రుకా. చీటీల్లో, నోటుపుస్తకాల్లో, ధరల పలకల మీద ఈజిప్టువాళ్ల చేయి తిరిగేది ఎక్కువగా రుకాలోనే. హైదరాబాద్ డిజైనర్లు పాతబస్తీ ఉర్దూ బోర్డుల నస్తాలీఖ్‌ను తెచ్చి ఇక్కడ పెడుతుంటారు. దాన్ని కైరోలో ఫార్సీ అంటారు. అక్కడి బోర్డుల మీద అదీ కనిపిస్తుంది, కానీ కుషరి బండికి అది మరీ సిల్కు షేర్వానీ. పైగా ఉర్దూ ఫాంట్‌లో కొన్ని అక్షరాల, అంకెల రూపాలే వేరు.

ఇప్పుడు మాటను దగ్గరగా చూడండి. కుషరిలో నాలుగే అక్షరాలు: కాఫ్, షీన్, రా, యా. హ్రస్వాచ్చులు రాయరు. అరబిక్‌లోని 28 అక్షరాల్లో ఆరు తమ తర్వాతి అక్షరంతో చేయి కలపవు: అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్. కాబట్టి కాఫ్, షీన్, రా కలిసి ఒక ముక్క అవుతాయి. రా అక్కడ చేయి వదిలేస్తుంది. యా ఒంటరిగా నిలబడుతుంది. అంటే ఈ మాట కంటికి రెండు ముక్కలు. వాటి మధ్య ఖాళీ పెరిగితే రెండు మాటలవుతాయి, తగ్గితే రాకు తోక మొలిచినట్టుంటుంది. ఒక చుక్క వెడల్పు వదలండి.

చుక్క అంటే కలం మొనను కాగితానికి ఒత్తి తీస్తే పడే వజ్రాకారపు గుర్తు. ఖత్తాత్‌లకు, అంటే రాతగాళ్లకు, కొలబద్ద అదే. పదో శతాబ్దపు బాగ్దాద్‌లో ఇబ్న్ ముక్లా పేరుతో స్థిరపడిన పద్ధతి ఇది. రుకాలో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు, మసీదు గోడల మీది సులుస్‌లో ఏడు. అందుకే రుకా పొట్టిగా, వడివడిగా నడిచే మనిషిలా ఉంటుంది. ట్రేసింగ్ కాగితం మీద ముందు చుక్కల వరుస వేసుకోండి. స్కేలుతో మిల్లీమీటర్లు కొలిచేవాళ్లున్నారు. వాళ్ల అక్షరాలు చూస్తే ఆ విషయం తెలిసిపోతుంది.

రాయడం కుడి నుంచి మొదలుపెట్టండి. కాఫ్, అక్షరాలు కూర్చునే అడుగు గీత కన్నా కొంచెం ఎత్తున పుడుతుంది. రుకాలో మాట కుడివైపు పైనుంచి బయలుదేరి ఎడమకు వచ్చేసరికి గీత మీదికి దిగుతుంది. తర్వాత షీన్. పుస్తకాల నస్ఖ్ రాతలో దానికి మూడు పళ్లుంటాయి. రుకాలో చాలాసార్లు ఆ పళ్లు అరిగిపోయి ఒక చదును గీత మాత్రమే మిగులుతుంది, పైన మూడు చుక్కలూ కలిసి గుడిసె కప్పులాంటి చిన్న టోపీ అవుతాయి. మూడు గుండ్రటి చుక్కలు పెట్టారా, అది ఫాంట్ చూసి చేసిన పని అని దొరికిపోతారు. తర్వాత రా. నస్ఖ్‌లో అది గీత కిందికి జారుతుంది, రుకాలో గీత మీదే కూర్చుంటుంది. రుకాలో గీత దిగే హక్కు జీమ్, ఐన్ కుటుంబాలకు, మీమ్‌కు, ఇంకా అలాంటి కొద్దిమందికే ఉంది. చివర యా. దాని కింద రెండు చుక్కలు పెట్టవద్దు. వేరే అరబ్ దేశాల్లో పెడతారు, ఈజిప్టులో వదిలేయడం పాత అలవాటు. పెడితే తప్పు కాదు, కానీ ఆ రెండు చుక్కలతో పోస్టర్ కైరో దాటి పోతుంది.

నా మొదటి ‘కుషరి’ని ఉస్తాకు చూపిస్తే రా మీద వేలు పెట్టి, “ఇది ఆకలితో ఉంది” అన్నాడు. గీత మొదట్లో సన్నగా, మధ్యలో లావుగా ఉండాల్సింది అంతటా ఒకే మందంలో వచ్చింది. కలం కోణం మార్చకుండా చేయి మాత్రమే తిప్పాలి. ముప్పై సార్లు రాశాక గానీ ఆ రా కడుపు నిండలేదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించాక మూడు పనులు చేయవద్దు. అక్షరాల మధ్య ఎడం పెంచవద్దు. ఇంగ్లిషు అక్షరాలను దూరం జరిపినట్టు జరిపితే అరబిక్ చేతులు తెగిపోతాయి. మాట పొడవు పెరగాలంటే కలిపే గీతను సాగదీయాలి, దాన్ని కషీదా అంటారు. ఈ మాటలో సాగదీయదగ్గ చోటు షీన్ ఒక్కటే. రెండోది, ఫాంట్‌తో పనిచేసేవాళ్లు అక్షరాల చుట్టూ అంచు గీత వేసే ముందు వాటిని ఒకే ఆకారంగా కలిపేయాలి. లేకపోతే ప్రతి కీలు దగ్గరా అడ్డగీత కనబడుతుంది, మాట ఎక్స్‌రే తీసినట్టుంటుంది. మూడోది, ఇటాలిక్ పేరుతో కుడివైపుకు వంచవద్దు. నడిచేది ఎడమకైతే వాలేది వెనక్కా?

ఒక్క మాటకు ఇంత శ్రమ ఎందుకనేవారు కళాకారిణి బహియా షెహాబ్ చేసిన పని గుర్తుచేసుకోండి. లామ్, అలిఫ్ కలిస్తే ‘లా’, అంటే కాదు, వద్దు. ఆ ఒక్క జంటకు చరిత్రలో దొరికిన వెయ్యి రూపాలను ఆవిడ సేకరించి 2010లో ప్రదర్శించారు. తర్వాత 2011 ఈజిప్టు విప్లవం రోజుల్లో వాటిలో కొన్ని స్టెన్సిళ్లయి కైరో గోడలెక్కాయి.

బొమ్మ, రంగులు

అక్షరం కుదిరాక బొమ్మ దానంతటదే వస్తుంది. ఒక గిన్నె, ఒక గరిటె, వడ్డించే చేయి. చదివేవాడి కన్ను కుడి నుంచి వస్తుంది కాబట్టి మనిషి ముఖం ఎడమకు తిరిగి ఉండాలి, నీడ కూడా ఎడమ కిందికి పడాలి. మూడు రంగులు, నలుపు, అంతే. అంచుకు నగిషీ కావాలంటే కైరో బాబ్ జువేలా పక్కన గుడారాల బట్ట కుట్టే ఖయామియ్యా వీధి పనితనం చూడండి. ఎరుపు, నీలం, తెలుపు ముక్కలు అతికి కుట్టిన నమూనాలవి. ఒక అంచుకు మాత్రమే వాడండి.

ధర వేస్తే అరబిక్ అంకెల్లో వేయండి. అక్షరాలు కుడి నుంచి నడిచినా అంకెలు మాత్రం ఎడమ నుంచే. అక్కడి ఐదు మన సున్నాలా ఉంటుంది, అక్కడి సున్నా చుక్కలా ఉంటుంది. యాభై గినీల (గినీ అంటే ఈజిప్టు పౌండు) కుషరి ధర తప్పుపడిందనుకుని సరిచేసి, ఐదు గినీలు చేసిన మహానుభావుణ్ణి నేను చూశాను.

అచ్చుకు పంపే ముందు

అక్షరాలను ఆకారాలుగా మార్చేయండి, అప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా విడిపోవు. ఒక్క కాపీ తీసి గోడకు అంటించి, అరబిక్ చదివే మనిషిని పది అడుగుల దూరంలో నిలబెట్టండి. ఏమి రాసి ఉందని అడగండి, ఎలా ఉందని అడగవద్దు. ఆగకుండా ‘కుషరి’ అంటే మిగతా కాపీలు వేయించండి. ఒక్క క్షణం తడబడినా, రా, యాల మధ్య వదిలిన ఖాళీని ముందు కొలవండి.