బ్రహ్మోత్సవాల్లో ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు జాగ్రత్తలు

బ్రహ్మోత్సవాలు దగ్గరికొచ్చాయి. తిరుపతి నిండా కొత్త ముఖాలే. పిల్లలు కొండకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉండే పెద్దవాళ్లూ, చీకటితోనే నడకకు బయల్దేరేవాళ్లూ ఇవి ముందే చూసుకోండి.

గొలుసు లాగితే పట్టుకుని వేలాడొద్దు. బండి మీదున్నవాడు ఆగడు, పడేది మీరే. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. కత్తి చూపించినా అంతే, ఇచ్చేయండి. అది పిరికితనం కాదు, లెక్క.

తప్పించుకునే దారిలేక, మీదపడి కొడుతుంటే మాత్రం తిరగబడండి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44వ సెక్షన్ వరకు ఆత్మరక్షణ హక్కు గురించే ఉంది. కిందపడ్డవాణ్ని కసితీరా కొట్టడానికి మాత్రం అది పనికిరాదు.

చేతికర్ర కింద రబ్బరు అరిగిందేమో చూడండి. కర్ర పైకెత్తితే లాక్కుంటారు. ముందుకు చాచి వాణ్ని దూరంగా ఉంచుతూ వెనక్కి జరగండి.

“దొంగ, దొంగ” కన్నా పక్కింటాయన పేరు పెట్టి అరవండి. తన పేరు వింటే మనిషి లేస్తాడు.

“మీ అబ్బాయి లడ్డూ పంపాడు” అన్నా తలుపు తీయకండి. ప్రసాదమంటే కాదనలేం, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. కిటికీలోంచి మాట్లాడి, అబ్బాయికి ఫోన్ చేశాకే గడియ తీయండి.

అత్యవసర నంబరు 112. బటన్ ఫోన్లు చాలావాటిలో 5 గానీ 9 గానీ నొక్కిపట్టినా కాల్ వెళ్తుంది. మీ ఫోన్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో పిల్లలు ఇంట్లో ఉండగానే చూపించుకోండి.