స్వచ్ఛంద అగ్నిమాపక దళం నడపడం – 4వ పాఠం: చేరినవాళ్లు నిలవాలంటే

కిందటి పాఠంలో కొత్త సభ్యులను చేర్చుకునే పద్ధతి చూశాం. అంత కష్టపడి చేర్చుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి కనిపించకుండా పోతే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ పాఠం వాళ్లను నిలుపుకోవడం గురించి.

ముందు ఒక లెక్క వేయండి. మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్తే, వాళ్లకేమైనా అయితే బయటికి తేవడానికి మరో ఇద్దరు బీఏ సెట్లు (పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున మోసే గాలి సిలిండర్, దానికి ఫేస్‌మాస్క్) తగిలించుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండాలి. పంపు దగ్గర ఒకరు, మొత్తం పరిస్థితి చూస్తూ ఆదేశాలిచ్చేవారు ఒకరు. వెరసి ఆరుగురు. అమెరికాలో జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) స్వచ్ఛంద దళాల కోసం రాసిన 1720 ప్రమాణం గ్రామీణ ప్రాంతాలకు చెప్పేదీ ఇదే: ప్రమాదం జరిగిందని వచ్చే పిలుపుల్లో (కాల్స్) కనీసం 80 శాతానికి, 14 నిమిషాల్లోపు, ఆరుగురు చేరాలి. మీ రిజిస్టర్లో 24 పేర్లున్నాయనుకుందాం. పనిరోజు మధ్యాహ్నం వాళ్లలో నాలుగో వంతు మాత్రమే రాగలిగితే సరిగ్గా ఆరుగురవుతారు. అందులో ఒక్కరు మానేసినా మీ లెక్క తప్పినట్టే. కాబట్టి 24 చూసి ధీమా పడకండి. పగటిపూట వచ్చే ఆ ఆరుగురి పేర్లు విడిగా రాసుకోండి.

నిప్పుకు భయపడి మానేసేవాళ్లు తక్కువ. వచ్చిన ప్రతిసారీ తమ సమయం వృథా అవుతోందని అనిపించి మానేసేవాళ్లే ఎక్కువ. జీతం లేని చోట సభ్యులు మీ చేతిలో పెట్టేది వాళ్ల సమయాన్నే. దాన్ని డబ్బులా లెక్కచూసి ఖర్చు పెట్టాలి.

మొదటి 90 రోజులు

కొత్త సభ్యురాలు మొదటి రోజు వస్తుంది. ఎవరో వదిలేసిన కోటు ఇస్తారు, చేతులు రెండంగుళాలు పొట్టి. బూట్లు రెండు సైజులు పెద్దవి. తనకు ఇక్కడ చోటు లేదని ఆమెకు అప్పుడే అర్థమైపోతుంది. అది భద్రతకూ ముప్పే: వదులు బూటుతో నిచ్చెన మెట్టు మీద కాలు జారుతుంది, పొట్టి కోటుకీ గ్లోవ్‌కీ మధ్య మణికట్టు కాలుతుంది. చేరే రోజుకు ముందే కొలతలు తీసుకోండి. బీరువా మీద పేరు రాసి ఉంచండి. ఫేస్‌మాస్క్ సరిపోతుందో లేదో పరీక్ష మొదటి వారంలోనే చేయండి. గడ్డం ఉంటే మాస్క్ అంచు చర్మానికి అతుక్కోదన్న సంగతి చేరకముందే చెప్పాలి, తర్వాత చెబితే గొడవ.

శిక్షణ పూర్తయ్యేదాకా లోపలికి పంపలేం కదా అని కొత్తవాళ్లను గోడ పక్కన నిలబెడతారు. ఇదే పెద్ద పొరపాటు. నెల తిరగకముందే వాళ్లు చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి: హైడ్రెంట్‌కు (మంటలార్పే నీళ్ల కోసం వీధిలో పెట్టే కొళాయి) హోస్ (నీళ్ల గొట్టం) తగిలించడం, వాడిన హోస్ చుట్టడం, బండిలో ఏ అరలో ఏముందో చూడకుండా చెప్పడం, ఖాళీ సిలిండర్లు మార్చి లెక్క రాయడం. ఒక్కో పనికి ఒక్కో గడి ఉన్న కార్డు చేతికివ్వండి. పని చేసి చూపించిన రోజే, చూసినవారు అక్కడికక్కడే సంతకం పెట్టాలి. ‘తర్వాత పెడతాలే’ అన్న సంతకం ఎప్పటికీ పడదు.

తోడుగా ఒక అనుభవజ్ఞుణ్ణి నియమించండి. బాగా పని చేసేవారందరికీ నేర్పడం రాదు, ఓపిక ఉన్నవాళ్లనే ఎంచుకోండి.

డ్రిల్ రోజు

రెండు గంటల డ్రిల్‌లో ఇరవై మంది నిలబడి చూస్తుంటే ఇద్దరు హోస్ పట్టుకుంటారు. మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. మరుసటి వారం ఆరుగురు రారు. నలుగురైదుగురి జట్లు చేసి, మూడు నాలుగు చోట్ల వేర్వేరు పనులు పెట్టి, 20 నిమిషాలకోసారి మార్చండి. సామాను అంతా సభ్యులు రాకముందే సిద్ధంగా ఉండాలి. చెప్పిన వేళకు మొదలుపెట్టి, చెప్పిన వేళకు ముగించండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు మీరు మాట తప్పినట్టే.

ఉదాహరణకు బీఏ సెట్ వేసుకునే జట్టును చూద్దాం. గేజ్ చూడాలి, సిలిండర్ కనీసం 90 శాతం నిండి ఉండాలి. వాల్వ్ పూర్తిగా తెరవాలి. భుజం పట్టీలు, తర్వాత నడుము పట్టీ బిగించి బరువు తుంటి మీదికి తేవాలి. మాస్క్‌లో ముందు గడ్డం కుదిర్చి, పట్టీలు కింది నుంచి పైకి బిగించాలి. గాలి వచ్చే రంధ్రాన్ని అరచేత్తో మూసి లోపలికి పీల్చాలి: మాస్క్ ముఖానికి అతుక్కుని అలాగే ఉంటే సీల్ బాగున్నట్టు. హుడ్ (తలనూ మెడనూ మంట నుంచి కాపాడే గుడ్డ ముసుగు) తర్వాతే. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కంగారులో హుడ్ అంచు మాస్క్ కింద ఇరుక్కుంటుంది, అక్కణ్ణుంచి గాలి కారుతుంది. అందరి ముందూ కేకలేయకండి. పక్కనే నిలబడి, ఆ అంచును వాళ్ల వేలితోనే తడిమించండి. అలా తడిమి చూసిన తప్పును మళ్లీ చేయరు. కొత్తవారికి మొదట వేగం అడగవద్దు, వరస కుదిరాక వేగం దానంతటదే వస్తుంది.

కాల్ నుంచి తిరిగొచ్చాక

బండి వెనక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి. ఏం జరిగింది, ఏది కుదిరింది, ఏది మార్చాలి, అంతే. మాట మొదట కొత్తవారికి ఇవ్వండి. నాయకుడు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తలూపుతారు. మంచి పని కనిపిస్తే ‘అందరూ బాగా చేశారు’ అని సరిపెట్టకండి. ‘నువ్వు రెండో హోస్ అడక్కముందే తెచ్చావు, అందుకే వెనక గది మిగిలింది’ అని పేరు పెట్టి చెప్పండి.

మసి పట్టిన కోట్లు సంచుల్లో కట్టాలి, మెడ, ముఖం, చేతులు అక్కడే తుడుచుకోవాలి. అగ్నిమాపక వృత్తి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో నిర్ధారించింది. నాయకుడు మసి కోటుతోనే కారెక్కితే ఇక ఎవరూ ఈ నియమం పాటించరు.

ప్రాణం పోయిన కాల్ అయితే ఆ రాత్రే అందర్నీ కూర్చోబెట్టి బలవంతంగా మాట్లాడించకండి. ఎవరు ఎలా ఇల్లు చేరుతున్నారో చూడండి. రెండు మూడు రోజుల్లో ఒకసారి, నెల తిరిగాక మరోసారి ఫోన్ చేయండి. నిద్ర పట్టడం లేదంటే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

రిజిస్టర్ చెప్పే సంగతి

మానేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పి మానేయరు. చాలాసార్లు ముందు డ్రిల్స్ తగ్గుతాయి, తర్వాత కాల్స్. అందుకే హాజరులో కాల్స్, డ్రిల్స్, మరమ్మతు పనులు మూడు వేర్వేరు గడుల్లో రాయండి. వరసగా రెండు డ్రిల్స్ తప్పితే మూడు రోజుల్లోపు జట్టు నాయకుడు ఫోన్ చేయాలి. ‘ఎందుకు రాలేదు?’ అంటే సాకు వస్తుంది. ‘రెండు వారాలుగా కనిపించలేదు, అంతా కులాసాయేనా?’ అనండి. ఉద్యోగం వేళలు మారాయనో, ఇంట్లో పసిబిడ్డ ఉందనో తెలుస్తుంది. అప్పుడు ఆరు నెలలు సెలవు రాసివ్వండి, తిరిగొచ్చే తేదీ అందులోనే వేయండి. వయసు పైబడి లోపలికి వెళ్లలేని వారికి పంపు, రేడియో, లెక్కలు అప్పగించండి.

జీతం ఇవ్వడం లేదు కదా, ఏమీ అనలేం అని కొందరు నాయకులు ఊరుకుంటారు. తాగి వచ్చిన వారినీ, కొత్తవారిని అవమానించేవారినీ ఉపేక్షిస్తే, నిక్కచ్చిగా పని చేసేవాళ్లు మాటామంతీ లేకుండా తప్పుకుంటారు. నియమం రాసిపెట్టి, పాత స్నేహితుడికైనా అదే వర్తింపజేయండి.

అభ్యాసం: గత ఆరు నెలల హాజరు తీయండి. పనిరోజు పగటి కాల్స్‌కు ఎంతమంది వచ్చారో ఒక్కో కాల్‌కు రాయండి, ఆరుకు తగ్గినవాటికి గుర్తు పెట్టండి. డ్రిల్ హాజరు సగానికి పడిపోయినవారి పేర్లు పక్కన రాసి, ఈ వారంలో వాళ్లతో మాట్లాడండి. వాళ్లు చెప్పిన కారణాలు మీ దగ్గరుంచుకోండి, జట్టు నాయకుల ఎంపిక గురించిన 5వ పాఠంలో వాటితో పని ఉంది.