కాంక్రీటులో జియోలైట్, ప్యూమిస్ కలిపితే వచ్చే తిప్పలు: సమస్య - పరిష్కారం

మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే యంత్రం) బాగానే ఉంది, పోసేలోపే బిగుసుకుపోతోంది

కారణం: జియోలైట్ ఒక ఖనిజం, దాని నిండా సన్న రంధ్రాలే, అవి నీళ్లు పీల్చేస్తాయి. మిల్లర్‌లోంచి దిగేటప్పుడు తళతళలాడిన మాలు, తట్టల్లో పైకి చేరేసరికి పారకి అంటుకుని ఒక పట్టాన రాలదు. వెంటనే మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు కొట్టేస్తాడు, అసలు నష్టం అక్కడే, బలం పడిపోతుంది.

పరిష్కారం: సిమెంటులో 10 శాతం మాత్రమే తీసి ఆ స్థానంలో జియోలైట్ పొడి వేయండి, అంటే 45 కిలోల సిమెంటుకి 5 కిలోలు. వదులు కావాలంటే నీళ్లు కాదు, సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మాలుని వదులు చేసే రసాయనం) పెంచండి, అదీ ముందు చిన్న ట్రయల్ మిక్స్ చేసి చూశాకే.

7 రోజుల క్యూబ్ పరీక్షలో బలం తక్కువ వచ్చింది

టెన్షన్ వద్దు. సిమెంటు తడిసినప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో ఈ పొడిలోని సిలికా కలిసి అదనపు బలాన్నిచ్చే పదార్థం తయారవుతుంది, కాకపోతే నెమ్మదిగా. 28, 56 రోజులకి మళ్లీ చూడండి. ఈలోగా సెంట్రింగ్ తొందరపడి విప్పొద్దు. మడులు కట్టి నీళ్లు నిలబెట్టండి. ఇలాంటి ఖనిజాలు కలిపితే క్యూరింగ్ కనీసం 10 రోజులని, 14 చేస్తే మంచిదని కాంక్రీటుకి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది.

56 రోజులకీ బలం రాలేదా? బస్తా మీద పీపీసీ అని ఉందేమో చూడండి. అందులో ఇప్పటికే 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఉంటుంది, దాని మీద మళ్లీ జియోలైట్ అంటే అతి. ఓపీసీతోనే, అంటే ఫ్లై యాష్ కలపని మామూలు సిమెంటుతోనే కలపండి.

ప్యూమిస్ ముక్కలు పైకి తేలుతున్నాయి

ప్యూమిస్ అంటే అగ్నిపర్వతాల నుంచి వచ్చే తేలికైన, రంధ్రాల రాయి. దాన్ని తడపకుండా వేశారు, వైబ్రేటర్ ఎక్కువసేపు పెట్టారు. ముందు రోజే నానబెట్టి, పైనీరు వార్చి వేయండి. నానిన రాయి లోపలి నీటిని తర్వాత నిదానంగా వదులుతుంది, లోపల్నుంచే క్యూరింగ్ అన్నమాట.

చెరువుకి తెచ్చిన జియోలైట్ మిగిలింది, వాడొచ్చా?

భీమవరం వైపు రొయ్యల రైతులు ఈ మాట అడుగుతుంటారు. వద్దు. చెరువులో చల్లేది తరచూ గుళికల రూపంలో ఉంటుంది, సన్నటి పొడి కాకపోతే సిమెంటుతో సరిగా కలిసి పనిచేయదు, పైగా అందులో ఇంకేం కలిసిందో తెలియదు. ఇలాంటి సహజ ఖనిజ పొడులకి వర్తించే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ618 క్లాస్ ఎన్ ప్రకారం పరీక్ష రిపోర్టు చూపించిన సరుకే కొనండి.