ఆకులో నూనె పెరగడం లేదా? ఎక్కడ వెతకాలి?

మామూలు పొగాకు ఆకు పొడి బరువులో నూనె, అంటే టీఏజీ (ట్రైఎసిల్‌గ్లిసరాల్), ఒక శాతం కూడా ఉండదు. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ బృందం డబ్ల్యూఆర్‌ఐ1, డీజీఏటీ1, ఓలియోసిన్ జన్యువులను కలిపి దాన్ని 15 శాతం దాటించిందని 2014లో ప్రకటించింది. అవే జన్యువులు ఎక్కించినా మీ ఆకులో నూనె కనబడకపోతే ఈ వరుసలో చూడండి.

టీఎల్‌సీ (కొవ్వులను మచ్చలుగా విడదీసి చూపే పరీక్ష) ప్లేటు మీద టీఏజీ మచ్చే లేదు
ముందు జన్యువులను కాదు, ఇన్‌ఫిల్ట్రేషన్‌ను, అంటే జన్యువులు మోసే అగ్రోబ్యాక్టీరియాన్ని ఆకులోకి ఎక్కించే పనిని, అనుమానించండి. బెంథామియానా (ప్రయోగాలకు వాడే పొగాకు జాతి) మొక్క నాలుగైదు వారాలది, ఇంకా పూత రానిది కావాలి. ముదురు ఆకు ప్రోటీన్ సరిగా తయారుచేయదు. అగ్రోబ్యాక్టీరియాన్ని 10 మిల్లీమోలార్ ఎంఈఎస్ (పీహెచ్ 5.6), 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 100 మైక్రోమోలార్ ఎసిటోసిరింగోన్ ఉన్న ద్రావణంలో కలిపి రెండు మూడు గంటలు ఉంచండి. పీ19 (సైలెన్సింగ్‌ను అడ్డుకునే వైరస్ ప్రోటీన్) కల్చర్ తప్పనిసరి. అది లేకపోతే మొక్క మీ జన్యువులను సైలెన్స్ చేసేస్తుంది, అంటే పనిచేయనివ్వదు. ఆకు కోత ఇన్‌ఫిల్ట్రేషన్ తర్వాత నాలుగో రోజో ఐదో రోజో. పక్కనే జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) వేసిన మచ్చ వెలగకపోతే లోపం ఇక్కడే ఉంది.

మచ్చ ఉంది, చాలా పలచగా
డీజీఏటీ1 ఒక్కటే వేశారా? కొవ్వు ఆమ్లాల సరఫరా పెరగకుండా వాటిని నూనెగా కూర్చే ఎంజైమ్‌ను మాత్రమే పెంచితే లాభం కొద్దే. సరఫరా పెంచేది డబ్ల్యూఆర్‌ఐ1. రెండూ కలిస్తే వచ్చే నూనె, విడివిడిగా వచ్చినవాటి మొత్తం కన్నా ఎక్కువ. ఆకుకూ ఆకుకూ తేడా పెద్దది కాబట్టి పోల్చాల్సిన మిశ్రమాలన్నీ ఒకే ఆకు మీద వేయండి.

స్థిరమైన లైన్లలో (జన్యువులు శాశ్వతంగా చేరిన మొక్కల్లో) నూనె చేరి, మళ్లీ తగ్గుతోంది
ఎస్‌డీపీ1 లైపేజ్ నూనెను కరిగిస్తోంది. ఓలియోసిన్ నూనె బిందువులకు పొరలా అడ్డు నిలుస్తుంది. అది చాలకపోతే ఆర్‌ఎన్‌ఏఐతో ఎస్‌డీపీ1ను అణచండి.

మొక్క గిడసబారింది
పిండిపదార్థంగా నిలవుండాల్సిన కార్బన్ నూనెలోకి మళ్లుతోంది. నూనె తయారీని పెంచే ఎల్‌ఈసీ2 లాంటి నియంత్రకాన్ని ఎప్పుడూ పనిచేసే ప్రమోటర్ (జన్యువును మేల్కొలిపే డీఎన్‌ఏ భాగం) కింద పెట్టొద్దు. ఆకు ముదిరాకే మేల్కొనే ఎస్‌ఏజీ12 కింద పెట్టండి. శాతం ఒక్కటే చూసి మురిసిపోకూడదు. ఆకు బరువు పడిపోతే మొక్కకు దక్కే నూనె తక్కువే. మొక్కకు ఎన్ని గ్రాములో లెక్కించండి.

జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) అంకెలు నమ్మేలా లేవు
మొత్తం కొవ్వు ఆమ్లాలను కొలిస్తే క్లోరోప్లాస్ట్ పొరలవీ అందులో కలుస్తాయి. హెక్సేన్, డైఇథైల్ ఈథర్, ఎసిటిక్ ఆమ్లం 70:30:1 మిశ్రమంతో టీఎల్‌సీ ప్లేటు మీద టీఏజీని విడదీసి, ఆ మచ్చనే గీకి కొలవండి. పోల్చి లెక్కించడానికి తెలిసిన మోతాదులో వాడే సీ17:0 టీఏజీ ప్రమాణాన్ని ఆకు రుబ్బేటప్పుడే కలపాలి. చివర్లో కలిపితే మధ్యలో పోయిన నూనె లెక్కకు రాదు.