జిగురు లేకుండా చెక్కపీచు పలక: ఎంజైమ్‌తో ఎలా చేయాలి?

ముందే చెప్తున్నా, రంపపు పొట్టుతో ఇది రాదు. పొట్టు ఊరికే దొరుకుతుందని గోతాల్లో తెచ్చుకుని, తర్వాత పలక పొడైపోయిందని వాపోయేవాళ్లని చూసి విసిగిపోయాను. కావలసింది ఆవిరి పట్టి రుబ్బిన పీచు, దూదిలా విడిపోవాలి. సరుగుడు పీచే వాడండి, మన విశాఖ చుట్టుపక్కల సరుగుడు తోటలకి కరువు లేదు. బ్లీచ్ చేసిన తెల్ల గుజ్జు వద్దే వద్దు. పీచుని పీచుకి పట్టించేది చెక్కలోని లిగ్నిన్, బ్లీచింగ్‌లో పోయేది అదే.

15 సెం.మీ. చదరం, 3 మి.మీ. మందం పలకకి 60 గ్రాముల పొడి పీచు, 3 లీటర్ల నీళ్లు చాలు. లాకేజ్ పొడి, పీహెచ్ (నీళ్ల పులుపు కొలత) చూసే కాగితాలు, అక్వేరియం గాలిపంపు, వేడి ప్లేట్లున్న 20 టన్నుల ప్రెస్ ఉండాలి. స్టీలు జల్లెడ నేను గాజువాక ఆటోనగర్‌లో కోయించుకున్నాను. లాకేజ్ అంటే జీన్స్ వాషింగ్‌లో వాడే ఎంజైమే, ఇక్కడ లిగ్నిన్‌ని పట్టు పట్టేలా చేసేది ఇదే, కాకపోతే ఇంకేమీ కలపనిది అడగండి. పొడి తీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పీలిస్తే అలర్జీ వస్తుంది.

ఇక నీళ్లు. పని చెడేదంతా ఇక్కడే. సముద్రానికి దగ్గరి బోర్లలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పులోని క్లోరైడ్ లాకేజ్‌ని పనిచేయనివ్వదు. నా మొదటి పలకలు అంచు పట్టుకుంటే చాలు పొరలు పొరలుగా ఊడొచ్చేవి, ఎంజైమే పాతదనుకుని రెండోసారి కూడా డబ్బులు తగలేశాను, తీరా చూస్తే తప్పు బోరు నీళ్లది. వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడండి. తెల్ల వెనిగర్ చుక్కచుక్కగా వేసి పీహెచ్ 5కి తెచ్చుకోండి, మరీ దిగిపోతే చిటికెడు వంటసోడా.

ఆ నీళ్లలో పీచు కలిపి, 45, 50 డిగ్రీలకి వచ్చాకే లాకేజ్ వేయాలి. గ్రాము పీచుకి 20 యూనిట్లు (యూనిట్ అంటే ఎంజైమ్ బలానికి కొలత), ఇది నా లెక్క. మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. గంటసేపు గాలిపంపు ఆగకూడదు, ఎందుకంటే లాకేజ్‌కి ఆక్సిజన్ కావాలి. 1883లో యోషిదా అనే రసాయన శాస్త్రవేత్త జపాన్ లక్కచెట్టు పాలలో కనిపెట్టింది ఈ ఎంజైమ్‌నే. మన ఏటికొప్పాక బొమ్మలకి వాడే లక్క పురుగుల నుంచి వచ్చేది, వేడికి కరిగి అంటుతుంది. జపాన్ లక్క అలా కాదు, తేమగాలిలో ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది. మన బకెట్లో జరగాల్సింది అదే. నీళ్లు టీ రంగుకి తిరిగితే పని నడుస్తున్నట్టు. అప్పుడు ఆలస్యం చేయొద్దు, రేపు చూద్దామనుకుంటే పట్టు పోతుంది.

గుడ్డలో వడకట్టి, చేత్తో పిండి, కింద జల్లెడ పెట్టి 180 డిగ్రీల ప్రెస్‌లో నొక్కండి. నిమిషానికోసారి కొద్దిగా వదిలి ఆవిరి పోనివ్వండి, ముఖం దూరంగా పెట్టుకోండి. ఒక్కసారిగా తెరిస్తే పలక మధ్యలో ఉబ్బి చీలుతుంది.

యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేలిక కదా అంటారు. కొత్త బీరువా తెరిస్తే కళ్లు మండించే ఘాటు చాలాసార్లు దానిదే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. ఇంట్లో పిల్లలుంటే నేను దాని జోలికే పోను.

ఎంజైమ్ వేయని పలక ఒకటి ఇలాగే నొక్కి, రెండూ విరిచి చూడండి. ఉత్త వేడికే కొంత పట్టు వస్తుంది కాబట్టి, తేడా అప్పుడే తెలుస్తుంది. నీళ్లు తగిలితే మాత్రం పలక ఉబ్బుతుంది, బాత్రూములో పెట్టకండి.